మామగారి చుట్ట, అల్లుళ్ల సిగార్

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. నాకు పెళ్లయి ఎనిమిది నెలలైంది, ఇది మొదటి సంక్రాంతి. అంబాజీపేట దగ్గర మా అత్తగారి ఊరు. మా తోడల్లుడుగారు డల్లాస్ నుంచి వస్తూ ఒక పెట్టె సిగార్లు తెస్తున్నారు. "భోగి మంట దగ్గర ముట్టిద్దాం తమ్ముడూ" అంటున్నారు. నేను ఆఫీసు పార్టీల్లో రెండే రెండుసార్లు కాల్చాను. ఆయన ఫోన్లోనే బోలెడు రూల్స్ చెప్పారు. కొస ఎలా కత్తిరించాలి, నుసి ఎప్పుడు రాల్చాలి, కాగితం రింగు తీయాలా ఉంచాలా, అయిపోయాక ఎలా ఆర్పాలి. అవేవైనా తప్పితే ఆయన ముందు పరువు పోతుందేమోనని టెన్షన్. మామగారు రోజూ అరుగు మీద కూర్చుని లంక చుట్ట కాలుస్తారు. ఆయన ముందు మేం కాల్చవచ్చా? ఆయనకి ఒకటి ఇవ్వవచ్చా? మా ఆవిడకి ఐదో నెల. అత్తగారికి పొగ పడదు, దగ్గొస్తుంది, కానీ ఆవిడ ఎవర్నీ ఏమీ అనరు.
ఒక కొత్త అల్లుడు

జవాబు: బాబూ, సిగార్ రూల్స్ గురించి అంత వివరంగా రాసి, అత్తగారి దగ్గు సంగతి ఆఖర్న ఒక్క ముక్కలో తేల్చేశారు. తప్పు పట్టడం లేదు, మా ఇళ్లలో అందరం అలాగే చేశాం. అందుకే నేను ఆ ఆఖరి ముక్క దగ్గర్నుంచే మొదలుపెడతాను. రింగులూ కత్తెరలూ తర్వాత చూద్దాం.

నేను పుట్టింది గోదావరి ఒడ్డున. మా ఊరికి ఎదురుగా ఏట్లో లంక ఉండేది, దాన్నిండా పొగాకే. వరద తీశాక మిగిలిన ఒండ్రు మీద నారు నాటితే ఆకు ఏనుగు చెవంత వచ్చేది. మాఘమాసానికి ఆకు కోసి, తాళ్లకి గుచ్చి, పందిళ్ల మీద ఎండబెడితే ఊరంతా ఒకటే వాసన, బెల్లం పాకం అడుగంటినట్టు. రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధన కేంద్రం పెట్టారంటే ఈ పంటకి ఇక్కడ ఎంత పట్టుందో చూడండి. ఇంగ్లీషువాళ్లు 'చెరూట్' అనే మాట కూడా మన దక్షిణాదివాళ్ల నోట విని పట్టుకెళ్లిందే, తమిళులు సురుట్టు అంటారు. మన చుట్టకి అది దగ్గరి చుట్టమే.

మా నాన్నగారు రోజుకి ఐదారు చుట్టలు కాల్చేవారు. ఆయన చుట్ట మర్యాదల ముందు మీ తోడల్లుడుగారి రూల్స్ బలాదూర్. మా పెదనాన్న వీధి మలుపులో కనబడగానే నాన్న చేతిలో చుట్ట వీపు వెనక్కి వెళ్లిపోయేది. ఒకసారి అలా దాచబోతే పంచెకి చిల్లు పడింది. అయినా కదలకుండా నిలబడి పెదనాన్నతో నీళ్ల వంతుల గురించి మాట్లాడుతూనే ఉన్నారు, వెనకనుంచి సన్నగా పొగ లేస్తూనే ఉంది. పెదనాన్నకి తెలుసు. ఆయనకి తెలుసని నాన్నకీ తెలుసు. ఇద్దరూ బయటపడలేదు.

ఇంకొకరింటికి వెళ్తే ముట్టించిన చుట్టతో గుమ్మం దాటేవారు కాదు. ప్రహరీ గోడ మీద పెట్టి లోపలికెళ్లేవారు. పెళ్లిళ్లప్పుడు ఆ గోడ మీద వరసగా పది పదిహేను సగం కాలిన చుట్టలుండేవి. ఒకటి పొట్టి, ఒకటి లావు, ఒకదాని కొస నమిలి నమిలి పిప్పి అయిపోయి ఉండేది. భోజనాలయ్యాక ఎవరిది వాళ్లు తడుముకోకుండా తీసుకునేవారు. ఒక్కసారి కూడా మారిపోవడం నేను చూడలేదు. గుడికీ, పురిటింటికీ, పాలు పితికే చోటికీ చుట్ట వెళ్లేది కాదు. ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది కాదు.

వినడానికి ఎంతో బావుంది కదా. మిగతా సగం కూడా వినండి. అదే నాన్నగారు రాత్రి భోంచేసి, లోపలి గదిలో మంచం మీద వాలి చుట్ట ముట్టించేవారు. దోమలకని తలుపులు మూసి ఉండేవి. పక్క మంచం మీద అమ్మ, కింద చాప మీద మేం ముగ్గురం. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకునేది. 'కాస్త బయట కాల్చుకోండి' అని ఆవిడ అన్నట్టు నాకు గుర్తు లేదు. అనలేదు కాబట్టి ఆవిడకి ఇబ్బంది లేదనే అనుకున్నాం. పొద్దున్నే మంచం కింద నుసి తుడిచేదీ ఆవిడే.

చూశారా, మర్యాదంతా పెద్దవాళ్ల వైపు పోయింది, పొగంతా నోరెత్తనివాళ్ల వైపు వచ్చింది. ఆరుబయట, అంత గాలిలో నిలబడ్డ అన్నగారికి ఆ చుట్ట వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. అయినా ఆయన దగ్గర దాచారు. మూసిన గదిలో పిల్లల దగ్గర దాచాలని ఎవరికీ తోచలేదు. మీ ఉత్తరంలో కూడా మొదటి ప్రశ్న మామగారి గురించే. ఆయన ఏళ్ల తరబడి ఆ పొగలోనే కూర్చున్న మనిషి, మీ సిగార్ ఆయనకి ఒక లెక్కలోది కాదు. మీరు మొహమాటపడాల్సినవాళ్లు ఆ ఇంట్లో వేరే ఉన్నారు.

ముందు మీ ఆవిడ. ఇక్కడ బేరాల్లేవు. పక్కవాళ్లు వదిలిన పొగ పీల్చినా కడుపులో బిడ్డ బరువు తగ్గే ప్రమాదం ఉందని డాక్టర్లు ఎప్పట్నుంచో చెప్తున్నారు. ఇంట్లో, వసారాలో, కిటికీ పక్కన, ఆవిడ ఎక్కే కారులో సిగార్ ముట్టించకూడదు. ఆవిడ లేనప్పుడు కూడా ఆ కారులో వద్దు. 'కిటికీ తీశాం కదా, ఫ్యాన్ వేశాం కదా' అనేవి మనకి మనం చెప్పుకునే సర్దుబాట్లు. పైగా ఇది సిగరెట్‌లా ఐదు నిమిషాల్లో అయిపోయే వ్యవహారం కాదు. మామూలు సైజు సిగారే ముప్పావుగంట నుంచి గంట కాలుతుంది. మీరు దమ్ము లాగేది నిమిషానికోసారి, మిగతా సేపంతా అది దానంతటదే కాలుతూ చుట్టూ ఉన్నవాళ్లకి పంచిపెడుతుంటుంది. పెద్ద సిగార్ ఒక్కదాంట్లో సిగరెట్ పెట్టె మొత్తంలో ఉండేంత పొగాకు ఉండవచ్చు.

కాల్చి వచ్చాక నోరు కడుక్కుని, స్నానం చేసి, చొక్కా మార్చుకుని ఆవిడ దగ్గరికి వెళ్లండి. అన్నట్టు, అత్తవారు పండక్కి పెట్టిన కొత్త బట్టల్లో కాల్చకండి. ఆ వాసన ఒక్క ఉతుక్కి పోదు, ఉతికేది మీరూ కాదు.

ఇక అత్తగారు. 'ఎవర్నీ ఏమీ అనరు' అన్నారు. ఎలా అంటారు? కొత్త అల్లుడు 'అత్తయ్యగారూ, ఇక్కడ కాల్చుకోవచ్చా' అని అడిగితే, 'ఆయ్, దానికేం బాబూ, కానివ్వండి' అని కుర్చీ కూడా తెచ్చి వేస్తారు. అది ఒప్పుకోలు అనుకుంటే పొరపాటు, అది ఆవిడ మర్యాద. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి దగ్గుకుంటారు. సిగార్ కాల్చేవాళ్లు ఏ దేశంలోనైనా మొదట చెప్పే రూలు, ముట్టించేముందు పక్కవాళ్లని అడగాలని. మంచి రూలే, కానీ గోదావరి జిల్లాల్లో అల్లుడి నోట అది చెల్లదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి వడ్డించే ఊళ్లివి, ఇంటికొచ్చిన అల్లుడికి కాదని చెప్పడం ఇక్కడెవరికీ చేతకాదు. కాబట్టి అడక్కండి. అడక్కుండానే దూరంగా వెళ్లండి.

ఎక్కడికి? అందరికీ ముందు డాబా తోస్తుంది. పండగ ముందు డాబా మీద ఏమేం ఉన్నాయో ఒకసారి చూడండి. ఆరేసిన చీరలు, ఆరబోసిన వడియాలు, పిట్టగోడ అవతల పక్కింటి చంటిబిడ్డ గుడ్డలు. మీరు గంటసేపు అక్కడ కూర్చుంటే అవన్నీ మీతోపాటు సిగార్ కాల్చినట్టే. తెల్లవారుజామున వీధిలోనూ వద్దు. ధనుర్మాసం మంచులో పొగ పైకి లేవదు, తలెత్తున వేలాడుతూ ముగ్గులేసే ఆడపిల్లల మొహాల మీదకి పోతుంది. నన్నడిగితే కాలవ గట్టు మేలు. ఎండ తగ్గి గాలి ఆడే వేళ వెళ్లండి. గాలి ఏ వైపు వీస్తోందో కొబ్బరాకులే చెప్తాయి, ఇళ్ల మీదకి వీస్తుంటే గట్టుకి రెండో వైపు దిగి కూర్చోండి. చిన్నపిల్లలు వెంటపడతారు, సిగార్ పొగ వాళ్లకి సర్కస్‌లా ఉంటుంది. రింగులు రింగులుగా వదిలి చూపించకండి. పిల్లలొస్తే పక్కన పెట్టేసి పంపించేయండి.

ఇప్పుడు మీ టెన్షన్ సంగతి. మా తమ్ముడు ఓడల్లో ఉద్యోగం చేసి కాకినాడలో స్థిరపడ్డాడు, వాడికి సిగార్ పిచ్చి. వాడి పెట్టే, కత్తెరా, ఆర్భాటం చూసి చూసి నాకు కంఠతా వచ్చింది.

చుట్టకి రెండు కొసలూ తెరిచే ఉంటాయి. సిగార్‌కి నోట్లో పెట్టుకునే కొస మూసి ఉంటుంది, చిన్న ఆకు ముక్క టోపీలా అతికించి. ఆ టోపీలోనే, రెండు మిల్లీమీటర్లు మించకుండా, ఒక్క వేటున కత్తిరించాలి. ఇంకా కిందకి తెగితే పైన చుట్టిన ఆకు విప్పుకుపోతుంది. ముట్టించేముందు మంట తగిలీ తగలకుండా పట్టుకుని, మొక్కజొన్న పొత్తు కాల్చినట్టు అంచంతా తిప్పుతూ కాచాలి. ఆ తర్వాతే నోట్లో పెట్టుకుని మెల్లిగా లాగడం. పెట్రోలు లైటరూ కొవ్వొత్తీ పనికిరావు, ఆ వాసన ఆకుకి పడుతుంది. గ్యాస్ లైటర్ మంచిది. అగ్గిపుల్లయితే తల మందు మండిపోయాక దగ్గరికి తీసుకెళ్లాలి. పొగ లోపలికి మింగకూడదు, నోట్లో ఉంచి వదిలేయడమే. గబగబా లాగితే వేడెక్కి చేదవుతుంది. నుసి మాటిమాటికీ చిటికెలేసి రాల్చక్కర్లేదు, మంచి సిగార్‌కి అంగుళం దాకా నిలుస్తుంది, అప్పుడు అంచుకి ఆనిస్తే అదే పడుతుంది. ఒకరి కత్తెర తీసుకుంటే సిగార్ ఎంగిలి చెయ్యకముందే కోసుకుని తిరిగిచ్చేయాలి. రింగు గొడవ చాలా పాతది. ఎంత ఖరీదుదో పదిమందికీ చూపించుకోవడం నామోషీ అని ఇంగ్లండ్‌లో తీసేసేవారట, ఇప్పుడు ఎవరిష్టం వాళ్లది. తీస్తే మాత్రం కాస్త కాలి వేడెక్కాక తీయండి, జిగురు వదులవుతుంది, లేకపోతే పైఆకు చిరుగుతుంది.

ఇంతే. దీంట్లో పరువు పోయేదేమీ లేదు. తప్పుగా కోస్తే నోట్లోకి ఆకు ముక్కలొస్తాయి, తుపుక్కున ఊసేస్తారు.

ఒక తేడా మాత్రం నాకు తమాషాగా ఉంటుంది. సిగార్ ఎవరిది వాళ్లే ముట్టించుకోవాలి, ఒకరి నిప్పుకి ఇంకొకరు ఆనించి అంటించుకోవడం మొరటుతనం అంటాడు మా తమ్ముడు. మన చుట్ట లోకంలో అదే మర్యాద. పంటు మీద ఏరు దాటేటప్పుడు ముక్కూ మొహం తెలియనివాడి దగ్గరికెళ్లి నిప్పడిగేవారు. రెండు చుట్టలు కొసకి కొస ఆనేవి, అవతలి రేవు వచ్చేసరికి ఏ ఊరు, ఎవరబ్బాయి అన్నీ తేలిపోయేవి. సంబంధాలు కూడా కుదిరేవి. ఇప్పుడు పంటు మీదా బస్సులోనూ అలా కుదరదు. 2003 నాటి కేంద్ర చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు కలిపి జనం మసిలే చోట్ల పొగ తాగడం నిషేధించాయి. జరిమానా 200 రూపాయల దాకా. బీడీ, సిగరెట్, సిగార్ ఏదైనా ఒకటే. అమెరికా నుంచి తెచ్చిందని సిగార్‌కి మినహాయింపు లేదు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి ఎలాగూ తీసుకెళ్తారు కదా, ఆ పెట్టె ఇంట్లోనే ఉంచి వెళ్లండి. భుజానికి భుజం తగిలే జనం, రంగు రంగుల గుడ్డలతో కట్టిన ప్రభలు. అక్కడ నిప్పుకి పనేముంది?

భోగి మంట అన్నారు. 'ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు' అన్న సామెత మీరు వినే ఉంటారు. నిప్పడగడం తప్పు కాదు, ఏ నిప్పో చూసుకోకపోవడం తప్పు. భోగి మంటలో పిల్లలు పిడకల దండలు వేస్తారు, పెద్దవాళ్లు దణ్ణం పెట్టుకుంటారు. మీ తోడల్లుడుగారికి ఫోటో బావుంటుంది, చూసేవాళ్లకి చివుక్కుమంటుంది. సిగార్ పక్షాన చూసినా అది సరికాదు. ఆ మంటలో పాత కుర్చీల రంగూ కిరసనాయిలూ కలిసి ఉంటాయి, కొవ్వొత్తి వాసనే పడని ఆకుకి అది పడుతుందా? ఈ రెండో కారణం మీరు ఆయనకి చెప్పండి. మొదటిది చెప్తే వాదన పెట్టుకుంటారు, రెండోది చెప్తే తనకే తెలుసన్నట్టు ఒప్పుకుంటారు.

ఆయన చెప్పిన రూల్స్‌లో ఒకటి మాత్రం మన దగ్గర ఉన్నదున్నట్టు పనికిరాదు. సిగార్‌ని సిగరెట్‌లా నలిపి ఆర్పకూడదు, అలా వదిలేస్తే అదే ఆరిపోతుంది అంటారు. నలిపితే కంపు కొడుతుంది, నిజమే. కానీ మీరు వెళ్తున్నది కొబ్బరి సీమకి. తోటలో కాలు పెడితే ఎండు మట్టలు, డొక్కలు, పీచు. పీచులో నిప్పు పడితే వెంటనే మంట రాదు, లోపల్లోపల రాజుకుంటూ మీరు భోంచేసి పడుకున్నాక లేస్తుంది. అందుకని ఒక పాత మట్టి మూకుట్లో ఇసక పోసుకుని గట్టుకి తీసుకెళ్లండి. నుసి అందులోనే, పీక అందులోనే. పూర్తిగా చల్లారాక మీ చేత్తో మీరే చెత్తలో వెయ్యండి. కాలవలోకి విసరకండి, దిగువ రేవులో గిన్నెలు తోముకుంటుంటారు. పనమ్మాయి చేత ఎత్తించకండి.

ఇంకొకటి, బయటి నుంచి వచ్చినవాళ్లకి తెలియదు కాబట్టి. కోనసీమలో కొబ్బరి తోటల కిందనుంచి గ్యాస్ పైపులైన్లు పోతాయి. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. తెలియని చోట తోటలో ఏదైనా వాసన తేడాగా అనిపిస్తే లైటర్ జేబులోంచి తియ్యకుండా వెనక్కి వచ్చేయండి.

మిగిలిన సిగార్లు ఎక్కడ పెట్టాలో మీరు అడగలేదు, కానీ తోడల్లుడుగారు తప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టమంటారు. వద్దు. సిగార్‌కి గాలిలో తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి, ఫ్రిజ్‌లో పెడితే ఎండి బిరుసెక్కిపోతుంది. దానికి తోడు మీ సిగార్‌కి చేపల పులుసు వాసన, అత్తగారి గడ్డపెరుగుకి పొగాకు వాసన. చీరల బీరువా ఇంకా ఘోరం. మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి, ఆయన పెట్టెలోనే ఉంచుకోమనండి.

ఇంతకీ మీకు కాల్చాలని ఉందా? ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎక్కడా ఆ మాట లేదు. పరువు గురించి ఉంది, ఆయన ఏమనుకుంటారో ఉంది. 'నాకొద్దు అన్నయ్యగారూ, మీరు కానివ్వండి, కబుర్లకి నేనొస్తా' అంటే సరిపోతుంది. వద్దన్నవాణ్ని రెండోసారి బలవంతపెట్టకపోవడం కూడా సిగార్ మర్యాదే. పొగ మింగం కదా, ఏం కాదు అని ఆయన అంటారు. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. పొలంలో గాలికీ వానకీ ఆరిపోకుండా ఉంటుందని ఆడకూలీలందరికీ అదే అలవాటు. ఆవిడా పొగ మింగేది కాదు. అంగిట్లో పుండు లేచింది, ఆఖరి ఆరు నెలలు గంజి కూడా దిగలేదు. సిగార్ పొగకీ నోటి, గొంతు కేన్సర్లు వస్తాయి. నికోటిన్‌కి ఊపిరితిత్తుల దాకా పోవాల్సిన పని లేదు, బుగ్గ లోపలి చర్మంలోంచే ఎక్కుతుంది. అయినా కాలుస్తానంటే మీ ఇష్టం, పెద్దవారు. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. ఒళ్లు చల్లబడి చెమటలు పట్టి తల తిరిగితే పక్కన పెట్టేసి, నీడలో కూర్చుని బెల్లం ముక్క చప్పరించండి. అత్తవారింట్లో మొదటి పండక్కి అల్లుడు కళ్లు తిరిగి పడిపోతే, కారణం నుసి తప్పుగా రాల్చడమని ఎవరూ అనుకోరు.

మామగారి సంగతి ఆఖర్న పెట్టాను, ఎందుకంటే అది తేలిక. ఇవ్వవచ్చా అంటే, ముందు అత్తగారిని అడగండి. డాక్టరు చుట్ట మానమని చెప్పి ఉంటే పండక్కి పొగాకు పట్టుకెళ్లడం అల్లుడు చేసే పని కాదు. మానాలని తంటాలు పడుతున్న మనిషైతే ఆ పెట్టె ఆయన కంట పడనివ్వకండి. అలాంటిదేమీ లేక మామూలుగానే కాలుస్తుంటే, ఇవ్వాల్సింది పెద్దల్లుడు, మీరు పక్కన నిలబడండి. ఆయన ఎదుట మీరు కాల్చడం గురించి అంటారా, ఆయనే 'కూర్చో అల్లుడూ' అనేదాకా ముట్టించకండి, అంతే.

అరుగు మీద మాత్రం ఇవ్వకండి. ఆ అరుగు వెనక కిటికీ ఉంటుంది, కిటికీ లోపల మీ ఆవిడ పడుకుని ఉంటుంది. ఆయన చుట్ట పొగ కూడా ఆ అమ్మాయికి పొగే. 'లోపలికి పొగ వస్తోంది నాన్నా' అని కూతురు ఒక్కసారి చెప్తే వినని తండ్రి ఉండడు, ఆ మాట మీ ఆవిడ చేతే చెప్పించండి. అల్లుళ్లు ఆ మాట అనలేరు కానీ, సాయంత్రం చెప్పులేసుకుంటూ 'మావయ్యగారూ, గట్టు మీదకి వెళ్దాం రండి' అనగలరు. రోజూ పిలవండి. పండగ నాలుగు రోజులూ అరుగు ఖాళీ అవుతుంది, ఎవరూ ఎవర్నీ ఏమీ అననక్కర్లేదు.

గట్టు మీద పెట్టె తెరిచి ఆయన ముందు పట్టుకోమనండి, ఆయనే తీసుకుంటారు. కత్తెర ఇచ్చి ఎలా కొయ్యాలో పాఠం చెప్పకండి. ఆయన కొస కొరికి కాలవలోకి ఉమ్మేస్తారు. అగ్గిపుల్ల గీసి దోసిట్లో దాచి గుప్పుమనిపిస్తారు. రెండు దమ్ములు లాగి, 'ఇదేంటయ్యా, ఘాటే లేదు' అంటారు. అప్పుడు మీ తోడల్లుడుగారు క్యూబా, నికరాగ్వా అని మొదలుపెట్టకుండా చూసుకోండి. చీకటి పడ్డాక ఇంటికొచ్చి, సగం మిగిలినదాన్ని ప్రహరీ గోడ మీద పెడతారు. సిగార్‌ని గంటల తర్వాత మళ్లీ ముట్టిస్తే చేదు, అలా చెయ్యకూడదని రూలు. ఆయన మర్నాడు పొద్దున్నే ముట్టిస్తారు. ఏమీ అనకండి.